ప్రేమలో పెత్తనం చేరితే ఏం చేయాలి?

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర బస్సు దిగగానే ఆ అమ్మాయి మొదట చేసే పని ఫోటో తీసుకోవడం. వెనక బస్సు, పక్కన దుకాణం బోర్డు, ముందు తన ముఖం, మూడూ ఒకే ఫోటోలో పడాలి. ప్రేమించిన అబ్బాయికి అది వాట్సాప్‌లో పంపాక రెండు గీతలూ నీలంగా మారేవరకు అక్కడి నుంచి కదలదు. ఎందుకమ్మా అని అడిగితే సిగ్గుపడుతూ నవ్వింది. "నేనంటే అంత ప్రాణం మేడమ్. క్షేమంగా చేరానో లేదోనని కంగారు" అంది. నెల తర్వాత కనిపించినప్పుడు ఆ నవ్వు లేదు. ఫోటోలో వెనక నిలబడిన అబ్బాయి ఎవరని అర్ధరాత్రి రెండింటిదాకా గొడవ జరిగిందట. ఆ అబ్బాయి ఎవరో ఆమెకూ తెలియదు. తన బస్సు కోసం నిలబడిన ఎవరో.

అనంతపురంలో పాతికేళ్లు డిగ్రీ పిల్లలకు మనస్తత్వశాస్త్రం చెప్పాను. అందులో తొమ్మిదేళ్లు అమ్మాయిల హాస్టల్ వార్డెన్‌గా కూడా ఉన్నాను. ఈ విషయంలో నాకు తెలిసినదాంట్లో సగానికి పైగా హాస్టల్ మెట్ల మీద విన్నదే. చదువుకున్న పిల్లలతో ఒక చిక్కుంది. వాళ్లకు కారణాలు బాగా తెలుసు. "వాళ్ల నాన్న వాళ్లమ్మను కొట్టేవాడట మేడమ్, అందుకే ఇతను ఇలా తయారయ్యాడు" అంటారు. కారణం సరిగ్గానే పట్టుకున్నారు. పట్టుకున్న కారణాన్ని అతనికి క్షమాపణ పత్రంగా రాసిచ్చేశారు. అందుకే ఇది రాస్తున్నాను. కారణాలు తెలుసుకోవలసిందే, అయితే అతన్ని బాగుచేయడానికి కాదు. మీరు ఏం చేయాలో మీరు తేల్చుకోవడానికి.

రాయడంలో వీలు కోసం పెత్తనం చేసే మనిషిని 'అతను' అంటున్నాను. అమ్మాయే గుప్పిట బిగించిన జంటలనూ చూశాను. దెబ్బలు తిని, చెబితే నవ్వుతారని నోరు విప్పని అబ్బాయిలనూ చూశాను. మీ సంగతి అదైతే మార్చుకుని చదవండి.

1. ముందుగా ఒక నోటుపుస్తకం కొనండి

ఫోనులో రాసుకోవద్దు. అతను ఫోను చూస్తాడు, లేదా చూపించమంటాడు. చిన్న నోటుపుస్తకం తీసుకుని అట్ట మీద 'స్టాటిస్టిక్స్ రఫ్' అని రాయండి. ఆ పేరున్న పుస్తకాన్ని ఎవరూ తెరవరు.

పేజీకి మూడు గళ్లు గీయండి. ఏం జరిగింది, ఆ తర్వాత అతను ఏం చేశాడు, దానివల్ల నేను ఏం మానుకున్నాను. 'బాధపడ్డాను', 'ఏడ్చాను' అని రాయకండి. అవి రెండు రోజుల్లో ఆరిపోతాయి, నెల తర్వాత చదివితే మీకే అతిగా అనిపిస్తాయి. 'ల్యాబులో నా జతను మార్చమని సార్‌ను అడిగాను', 'అక్క పెళ్లిలో బావలతో ఫోటో దిగలేదు', 'నా జీతంలో నాలుగు వేలు అతని బైకు వాయిదాకు కట్టాను' అని రాయండి. నెలాఖరున మూడో గడి ఒక్కటే వరుసగా చదవండి. మీ బతుకులోంచి మనుషులూ పనులూ చోట్లూ ఒక్కొక్కటే తప్పుకుంటున్నాయంటే, మీ ఇద్దరి మధ్య నడుస్తున్నది మామూలు గొడవ కాదు.

ఈ తేడా ముఖ్యం కనుక కొంచెం ఆగుతాను. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మైకేల్ జాన్సన్ 1995లో జంటల మధ్య హింసను రెండుగా విడదీసి చూపాడు. మాటామాటా పెరిగి అప్పటికప్పుడు చేయి లేచేది ఒకటి. ఎదుటి మనిషిని అదుపులో ఉంచడం కోసం భయపెట్టడం, డబ్బు బిగించడం, అయినవాళ్ల నుంచి విడదీయడం, అవమానించడం అన్నీ కలిపి వాడేది మరొకటి. మొదటిది మంచిదని కాదు. రెండోదాంట్లో నెలల తరబడి ఒక్క దెబ్బ కూడా పడకపోవచ్చు, అందుకే అది హింస అని ఎవరికీ తోచదు. "చేయి కూడా చేసుకోలేదు కదా" అని మీకు మీరే సర్దిచెప్పుకుంటారు.

మరీ సందేహంగా ఉంటే ఒక చిన్న 'వద్దు' చెప్పి చూడండి. పెద్ద విషయంలో అక్కరలేదు. "ఈ రోజు ఫోను మాట్లాడలేను, రేపు పరీక్ష ఉంది" అన్నది చాలు. ముఖం ముడుచుకుంటే సరే, మనుషులం కదా. ఆ ఒక్క 'వద్దు'కు మీరు వారం రోజులు మూల్యం చెల్లించాల్సి వస్తే జవాబు దొరికినట్లే. అతను ఇప్పటికే ఒకసారైనా కొట్టి ఉంటే మాత్రం ఈ పరీక్ష పెట్టకండి. నేరుగా ఐదో అంకెకు వెళ్లి చదవండి.

2. అతనిలో ఏముందో చూడండి, దూరం నుంచి

పరిశోధనలు ఫలానా లక్షణానికీ ప్రేమలో హింసకూ 'సంబంధం' ఉందంటాయి. పత్రికలకు వచ్చేసరికి అది 'కారణం' అయిపోతుంది. రెండూ ఒకటి కాదు. కింద చెప్పేవన్నీ హింస జరిగే అవకాశాన్ని పెంచే సంగతులు. ఏ ఒక్కటీ చేతిని పట్టుకుని కొట్టించదు.

అన్నిటికంటే తరచుగా నాకు కనిపించింది, వదిలేస్తారేమోనన్న భయం. పసిబిడ్డకు తల్లితో ముడిపడే బంధం గురించి బ్రిటన్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ చెప్పిన సిద్ధాంతాన్ని 1987లో సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు పెద్దవాళ్ల ప్రేమకూ వర్తింపజేసి చూశారు. కొందరు ప్రేమలో స్థిమితంగా ఉంటారు. కొందరు దగ్గరితనానికే బెదిరి పక్కకు జరుగుతారు. ఇంకొందరు ప్రతి గంటా తమను ఇంకా ప్రేమిస్తున్నారో లేదో రుజువు కోరుకుంటారు. ఈ మూడో రకం మనిషికి మీరు ఫోను ఎత్తకపోతే లోపల నిప్పంటుకున్నంత పని అవుతుంది. ఆ మంట నిజమే, నటన కాదు. అయితే దాన్ని ఆర్పడానికి అతను ఎంచుకున్న దారి మిమ్మల్ని కట్టేయడం. ఫోటో పంపగానే గంటసేపు నెమ్మదిస్తాడు. మరుసటి రోజు ఒక ఫోటో చాలదు, లొకేషన్ కావాలి. తర్వాత పాస్‌వర్డు. అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు. దానికి రుజువులు మేతగా వేసేకొద్దీ బలుస్తుంది. కాబట్టి "నా నిజాయితీ నిరూపించుకుంటే నమ్ముతాడు" అన్న ఆశ వదులుకోండి. మీరిచ్చే ప్రతి రుజువూ తర్వాతి ప్రశ్నకు అడ్వాన్సు.

రెండోది ఇల్లు. 1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా పసిపిల్లల ముందు ఒక పెద్ద మనిషి చేత గాలిబొమ్మను కొట్టించాడు. అది చూసిన పిల్లలు తర్వాత బొమ్మ దొరకగానే అచ్చం అలాగే కొట్టారు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మన ఊళ్లలో ఏనాడో అనుకున్న మాటే. కానీ సామెతకూ ఒక హద్దుంది. ఇంట్లో హింస చూసి పెరిగినవారిలో ఎక్కువమంది పెద్దయ్యాక ఎవరినీ కొట్టరు. అదే ఇంట్లో, అదే తండ్రి చేతి కింద పెరిగిన అతని తమ్ముడో చెల్లెలో ఎలా ఉన్నారో ఒకసారి చూడండి.

మూడోది గాలిలోనే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడు సందర్భాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం న్యాయమేనా అని అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఎదురు మాట్లాడటం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామలను లెక్కచేయకపోవడం లాంటివి. ఆంధ్రప్రదేశ్‌లో 84 శాతం ఆడవాళ్లు కనీసం ఒకదానికి న్యాయమే అన్నారు. మగవాళ్ల మాట కాదిది, ఆడవాళ్లది. మీ గదిలో ఉండే స్నేహితురాలు "కోపం ఉన్నచోటే ప్రేమ ఉంటుంది, సర్దుకో" అన్నప్పుడు ఈ అంకె గుర్తుంచుకోండి. ఆ పిల్ల చెడ్డది కాదు, విన్నది అప్పజెబుతోంది. ఇక్కడ బయటి ఊళ్లవాళ్లు "రాయలసీమ కదా, ఫ్యాక్షన్ రక్తం" అని ఒక మాట విసురుతారు. నాకు ఒళ్లు మండుతుంది. ఆ 84 రాష్ట్రమంతటి లెక్క. పెత్తనానికి సీమ, కోస్తా అన్న తేడా లేదు.

తాగుడు, కోపం గురించి ఎక్కువ చెప్పను. తాగితే దెబ్బ ముదురుతుంది, నిజమే. కానీ ఒక్కటి గమనించండి. తాగి ఉన్నప్పుడు ఎదురుగా ఎస్సై వస్తే అతని చేయి లేస్తుందా? కోపం ఆపుకోలేని మనిషి ఆఫీసులో అధికారి మీద విరుచుకుపడతాడా? బలమైనవాళ్ల ముందు ఆగే కోపం మీ ముందు ఆగడం లేదంటే, అది ఆపుకోలేని కోపం కాదు, ఆపుకోనక్కరలేదని తేల్చుకున్న కోపం.

3. "మరి నేనెందుకు వదల్లేకపోతున్నాను?"

ఈ ప్రశ్న అడిగేటప్పుడు పిల్లలు తల దించుకుంటారు. దించుకోనక్కరలేదు. మీలోని ఏ లక్షణమూ దెబ్బను పిలవలేదు. పడిన దెబ్బ తర్వాత మిమ్మల్ని అక్కడే నిలబెట్టే సంగతులు మాత్రం కొన్ని ఉన్నాయి.

మా జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అదీ అదనుకు పడదు. అయినా మా పెదనాన్న ఏటా వేరుశనగే వేసేవారు. నాలుగేళ్లు వరుసగా పెట్టుబడి మట్టిలో కలిసినా వేసేవారు. ఎందుకు పెదనాన్నా అని అడిగితే, ఎప్పుడో ఒక ఏడు వాకిలి నిండా కాయలు రాశి పోసిన సంగతి నిన్న జరిగినట్లు చెప్పేవారు. ఏటా పండని నేలను వదలడం తేలిక. ఎప్పుడో ఒకసారి పండే నేలను వదలడమే కష్టం. మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల్లోనూ ఇదే చూశాడు. పొడిచిన ప్రతిసారీ గింజ దొరికే పావురం, గింజలు ఆగిపోతే త్వరగానే మానేస్తుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా అప్పుడప్పుడు మాత్రమే గింజ తిన్న పావురం, గింజలు ఆగిన చాలాసేపటి దాకా పొడుస్తూనే ఉంటుంది.

కొట్టిన మర్నాడు హాస్టల్ గేటు దగ్గర నిలబడి ఏడ్చి, చేతిలో పువ్వులు పెట్టి, "నువ్వు లేకపోతే చస్తాను" అనే మనిషి మీకు ఆ గింజే వేస్తున్నాడు. 1979లో అమెరికా మనస్తత్వవేత్త లెనోర్ వాకర్ దీన్ని ఒక చక్రంగా వివరించింది. కొన్నాళ్లు ఉక్కపోత, తర్వాత విరుచుకుపడటం, ఆపై పశ్చాత్తాపం, ముద్దుమురిపాలు. అన్ని జంటల్లోనూ ఈ మూడూ ఇదే వరుసలో తిరగవు, పువ్వులు అసలే రాని ఇళ్లూ ఉన్నాయి. 1981లో కెనడాకు చెందిన పరిశోధకులు డొనాల్డ్ డటన్, సూజన్ పెయింటర్ ఇంకో మెట్టు ఎక్కి, ఒకరి చేతిలో బలం ఎక్కువ ఉండటం, దయ అప్పుడప్పుడు మాత్రమే దొరకడం, ఈ రెండూ కలిస్తే దెబ్బ తిన్నవారిలోనే గాఢమైన ముడి పడుతుందన్నారు. దాన్ని బయటి నుంచి చూసేవాళ్లు ప్రేమ అంటారు, లోపలున్నవారూ అదే అనుకుంటారు.

మన దగ్గర ఇంకో ముడి ఉంది, పుస్తకాల్లో అంతగా కనిపించదు. ప్రేమ సంగతి ఇంట్లో తెలియదు. కులం వేరైతే అసలు తెలియకూడదు. తెలిస్తే చదువు మాన్పిస్తారు, నెలలోపు సంబంధం చూస్తారు. అంటే మీకు రహస్యం ఉంది, ఆ రహస్యం తాళంచెవి అతని దగ్గర ఉంది. "మీ నాన్నకు చెబుతా" అన్న ఒక్క మాటతో అతను చేయి కూడా ఎత్తకుండా మిమ్మల్ని కూర్చోబెట్టగలడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మనకు చిన్నప్పుడే నేర్పారు, ఆ నేర్పిందే ఇప్పుడు అతనికి అక్కరకు వస్తోంది. అందుకే ఈ మార్గంలో అన్నిటికంటే పెద్ద పని అతనితో తెంచుకోవడం కాదు. ఆ రహస్యాన్ని మీ అంతట మీరు ఒకరికి చెప్పి, తాళంచెవి పనికిరాకుండా చేయడం.

4. ఒక్కరికి చెప్పండి

ఎవరికన్నది ఆలోచించి ఎంచుకోండి. అమ్మకే చెప్పాలన్న నియమం లేదు. నా అనుభవంలో పిన్ని, మేనత్త, పెళ్లయిన అక్క బాగా నిలబడతారు. వాళ్లకు ఇంటి లోపలి మాట తెలుసు, ఇంటి పరువు భారం మాత్రం అమ్మానాన్నల కంటే ఒక పిసరు తక్కువ. ఇల్లు అసలు కుదరదంటే మీకు నమ్మకమున్న లెక్చరర్, వార్డెన్.

ఏం చెప్పాలో ముందే అనుకోండి. లేకపోతే ఏడుపు ముందు వస్తుంది, ఆ తర్వాత వాళ్ల కంగారు, ఆపై మీరే వాళ్లను ఓదార్చడం. ఇలా మొదలుపెట్టవచ్చు: "పిన్నీ, నీకొక విషయం చెప్పాలి. మధ్యలో తిట్టకుండా పూర్తిగా విను. ఒక అబ్బాయితో రెండేళ్లుగా ఉన్నాను. అతను నన్ను కొడుతున్నాడు. బయటపడాలనుకుంటున్నాను. అమ్మకు ఎప్పుడు చెప్పాలో నీతో కలిసి ఆలోచిద్దామని వచ్చాను." చివరి వాక్యం కావాలనే పెట్టాను. పిన్నికి చేయడానికి ఒక పని ఇచ్చారు, తొందరపడి అమ్మకు ఫోను చేయకుండా ఆపారు.

ఇది చదువుతున్న పిన్నులకు కూడా ఒక మాట. "నీకు ముందే చెప్పలేదా" అన్న వాక్యాన్ని ఒక ఏడాది వాయిదా వేయండి.

5. ప్రమాదం ఎంత ముదిరిందో చూడండి

పత్రికలు 'ప్రేమోన్మాది ఘాతుకం' అని రాస్తాయి. ఆ మాట నాకు నచ్చదు. ఉన్మాదం అంటే ఉన్నట్టుండి వచ్చిందనిపిస్తుంది. వెనక్కి వెళ్లి చూస్తే చాలాసార్లు నెలల తరబడి వెంటపడటం, బెదిరింపులు, నిఘా కనిపిస్తాయి.

వీటిలో ఒక్కటున్నా ఒంటరిగా తేల్చుకునే దశ దాటిపోయిందని అర్థం: గొంతు మీద చేయి వేయడం, పెట్రోలు, యాసిడ్, కత్తి ప్రస్తావన తేవడం, "నాకు దక్కకపోతే ఎవరికీ దక్కనివ్వను" అనడం, విడిపోదామన్నాక మీ దారి కాయడం, గొడవలు రోజురోజుకూ దగ్గర పడటం. గొంతు సంగతి విడిగా చెప్పాలి. 2008లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, అంతకుముందు భాగస్వామి చేత గొంతు నులిమించుకున్న స్త్రీ ఆ తర్వాత హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్ల కంటే ఎక్కువని తేలింది. "ఊరికే భయపెట్టడానికి పట్టుకున్నాడు" అని కొట్టిపారేయకండి. మెడ మీద గుర్తులు లేకపోయినా లోపల వాపు వచ్చి, గంటలో రోజో గడిచాక ఊపిరి అందకపోవచ్చు. ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లి, జరిగింది జరిగినట్లు చెప్పి రాయించుకోండి. అనంతపురం, కర్నూలు, కడప మూడింటిలోనూ వైద్య కళాశాల ఆసుపత్రులున్నాయి.

తక్షణ ప్రమాదంలో 112. స్త్రీలకు రోజంతా పనిచేసే సహాయ సంఖ్య 181. ఆ ఫోను ద్వారానే మీ జిల్లా సఖి కేంద్రానికి దారి చూపుతారు. వైద్యం, సలహా, పోలీసు సాయం, కొద్దిరోజుల ఆశ్రయం ఒకేచోట దొరకాలని 2015 నుంచి నడుపుతున్న కేంద్రాలవి.

6. బయటపడే రోజును మీరు నిర్ణయించండి

కోపంలో, రాత్రి పదకొండు గంటలకు, ఫోనులో కాదు. విడిపోయే సమయం, ఆ తర్వాతి కొన్ని వారాలు అన్నిటికంటే ప్రమాదకరమైనవి, ఎందుకంటే అతని గుప్పిట జారుతున్నది అప్పుడే. కనుక ముందు సర్దుకోవలసినవి సర్దుకోండి. సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు పుస్తకం అతని గదిలో ఉంటే ఏదో ఒక వంకతో తెచ్చుకోండి. బెదిరింపు సందేశాలు, మిస్డ్ కాల్ జాబితా స్క్రీన్‌షాట్లు తీసి పిన్నికి పంపి, ఆ స్క్రీన్‌షాట్లను మాత్రం మీ ఫోనులోంచి తీసేయండి.

ఫోను పని అంతా ఒకే రోజు, తెంచుకునే రోజే చేయాలి. ముందే మొదలుపెడితే అతనికి తెలిసిపోతుంది. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిస్తే మీ సందేశాలు ఇంకెక్కడ తెరుచుకుంటున్నాయో కనిపిస్తుంది, అన్నీ తొలగించండి. గూగుల్ ఖాతా, ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డులు స్నేహితురాలి ఫోను నుంచి మార్చండి. మ్యాప్స్‌లో లొకేషన్ పంచుకోవడం ఆపండి. యూపీఐ పిన్ మార్చండి. ఆ తర్వాత ఒక్క సందేశం పంపండి: "మన సంబంధం ఇంతటితో ముగిసింది. నన్ను కలవడానికి, మాట్లాడటానికి ప్రయత్నించవద్దు." ఎందుకో వివరించకండి. మీరు చెప్పిన ప్రతి కారణమూ అతనికి వాదించడానికి ఒక అవకాశం. ఆ సందేశం తర్వాత కూడా వెంటపడితే, మీరు వద్దన్నారన్న దానికి అదే సాక్ష్యం.

"చివరిసారి, ఒక్కసారి కలువు" అంటాడు. కలవకండి. పార్కులో వద్దు, అతని గదిలో అసలు వద్దు, స్నేహితులు మధ్యవర్తిత్వం చేస్తామన్నా వద్దు. ఇచ్చిపుచ్చుకోవలసిన వస్తువులుంటే ఇంకొకరి చేత పంపండి. కొన్ని వారాలు కాలేజీకి వెళ్లే దారి, బస్సు వేళ మార్చండి.

చచ్చిపోతానని బెదిరిస్తే? ఇక్కడే ఎక్కువమంది వెనక్కి వెళ్లిపోతారు. ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి, అలాగని మీరు పరుగెత్తకండి. అతని ఇంటివాళ్లకో, అతని గదిలో ఉండే స్నేహితుడికో వెంటనే ఫోను చేసి చెప్పండి, అవసరమైతే 112కు చెప్పండి. నిజంగా ఆపదలో ఉంటే సాయం అందుతుంది. బెదిరింపే అయితే అది మీ మీద పనిచేయలేదని తెలుస్తుంది.

ఫోటోలు బయటపెడతానంటే డబ్బు ఇవ్వకండి, బతిమాలకండి. ఒకసారి ఇస్తే రెండోసారీ అడుగుతాడు. సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కు ఫోను చేయండి. స్త్రీ ఇష్టపడి తీయించుకున్న ఏకాంత చిత్రమైనా, ఆమె ఒప్పుకోకుండా ఇతరులకు పంపితే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. "నువ్వే కదా తీసుకోనిచ్చావు" అన్న వాదన అక్కడ చెల్లదు. వద్దన్నాక వెంటపడటం, ఆన్‌లైన్‌లో నిఘా పెట్టడం 78వ సెక్షన్. అబ్బాయిల విషయంలో ఈ రెండు సెక్షన్లూ వర్తించవు. వాళ్లకు బెదిరింపు మీద 351వ సెక్షన్, ఏకాంత చిత్రాల మీద ఐటీ చట్టం 66ఈ ఉన్నాయి. ఘటన కర్నూలులో జరిగి మీరు అనంతపురంలో ఉన్నా ఇక్కడి స్టేషనులోనే జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి, "మా పరిధి కాదు" అని పంపేయకూడదు. ఒకే ఇంట్లో భార్యాభర్తల్లా కలిసి ఉంటున్న స్త్రీకి 2005 గృహహింస చట్టం కూడా వర్తిస్తుంది. వకీలు ఖర్చు గురించి వెనకాడకండి. ఆదాయంతో పని లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసాయం హక్కు, జిల్లా న్యాయసేవాధికార సంస్థను 15100 ద్వారా అడగవచ్చు.

7. తర్వాతి మూడు నెలలు

బయటపడ్డాక హాయిగా ఉంటుందనుకుంటారు. ఉండదు. బెంగగా ఉంటుంది. అతను పాడిన పాటలు, తినిపించిన ముద్దలు గుర్తొస్తాయి, కొట్టింది మసకబారుతుంది. ఎండాకాలంలో వాన వాసన గుర్తొచ్చినట్లు. అప్పుడు 'స్టాటిస్టిక్స్ రఫ్' తీసి మూడో గడి చదవండి. దానికోసమే రాయమన్నాను. తిరిగి వెళ్లిపోయారనుకోండి, అది కూడా వింత కాదు. చాలామంది ఒకటికి రెండుసార్లు వెళ్లాకే పూర్తిగా వస్తారు. పిన్నికి ముఖం చాటేయకండి.

నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, చదువు మీద మనసు నిలవకపోవడం వారాల తరబడి ఉంటే 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ ఇది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

8. అతను మారతానంటే

మారేవాళ్లు ఉన్నారు. నాకు తెలిసిన పరీక్ష ఒకటే, 'కానీ' పరీక్ష. "నేను కొట్టాను" అని వాక్యం అక్కడే ఆపగలడా? "నేను కొట్టాను, కానీ నువ్వు ఆ మాట అన్నావు కదా" అంటే ఇంకా మొదలు కాలేదు. మీరు తిరిగి వస్తారన్న హామీ లేకుండా, మీరు వెంట పడకుండా, తనంతట తాను వైద్యుడి దగ్గరికి వెళుతున్నాడా చూడండి. ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కు వెళ్లడం మాత్రం వద్దు. అతని ముందు కూర్చుని మీరు నిజం చెప్పలేరు, చెబితే ఇంటికి వెళ్లే దారిలో దానికి శిక్ష ఉంటుంది. అతను మారినా మీరు తిరిగి వెళ్లవలసిన బాకీ ఏదీ లేదు.

9. ఇందులో 'అతను' మీరే అయితే

ఇంతదాకా చదివి ఎక్కడో గుచ్చుకుని ఉంటే పుట మూసేయకండి. మీ లోపల మంట నిజమేనని పైన రాశాను. దాన్ని భరించడం నేర్చుకోవచ్చు. లోపల వేడెక్కుతోందనగానే "అరగంటలో మాట్లాడతాను" అని చెప్పి లేచిపోండి, చెప్పినట్లే అరగంటకు తిరిగి రండి. ఆ అరగంటలో ఆమెకు సందేశాలు పంపకూడదు. ఆమె ఏం తప్పు చేసిందో కాకుండా, మీకు దేనికి భయమేసిందో ఒక వాక్యం రాయండి. ఆమె పాస్‌వర్డులు మీ దగ్గరుంటే ఈ రోజే మార్చుకోమనండి. 14416 మీకూ పనిచేస్తుంది. చేయి చేసుకోవడం ఇప్పటికే మొదలైతే ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి నేరుగా వెళ్లండి, ఆమెను వెంట తీసుకువెళ్లకండి.

రిటైరయ్యే ముందు ఏడాది ఒక ఎమ్మెస్సీ అబ్బాయి స్టాఫ్‌రూము తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. స్నేహితుడి సమస్య అంటూ మొదలుపెట్టాడు. అందరూ అలాగే మొదలుపెడతారు. ఆ అమ్మాయి వాట్సాప్‌లో చివరిసారి ఎప్పుడు కనిపించిందో చూడకుండా 'స్నేహితుడు' ఉండలేకపోతున్నాడట. ఆపమని చెప్పలేదు. ఎన్నిసార్లు చూస్తున్నాడో ఒక్కో గీత గీసి వారం తర్వాత రమ్మన్నాను. వచ్చాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. మొదటి రోజు 41 గీతలున్నాయి. "స్నేహితుడు కాదు మేడమ్" అన్నాడు. కూర్చోమని కుర్చీ చూపించాను.